డార్విను దీవులలో నేర్చిన విద్య

ప్రతి సంవత్సరమును మన పట్టణములనుండియు, పల్లెలనుండియు వేలకొలది యువజనులు విద్యార్జనమునకై సముద్రములు దాటి పోవుచున్నారు. పొలము తాకట్టుపెట్టి బిడ్డను పంపిన తండ్రులు ప్రతి గ్రామమునను కలరు. అచ్చటి విశ్వవిద్యాలయములు కొన్ని తమ విద్యార్థులను తరగతిగదులనుండి వెలికి గొనిపోయి, దూరద్వీపములలో దింపి, చెట్టును, పక్షిని, రాతిని చూచి నేర్చుకొమ్మనుచున్నవి. పసిఫిక్ మహాసముద్రమునందలి గలపాగస్ దీవులు ఇట్టి విద్యాయాత్రలకు మిక్కిలి పేరొందినవి. ఆ దీవుల కీ ప్రఖ్యాతిని తెచ్చిన చార్లెస్ డార్విను పేరు మన పాఠకులలో విననివా రుండరు. మానవుడు కోతినుండి పుట్టెనని చెప్పినవాడుగనే మనవారు పెక్కుమంది ఆయన నెరుగుదురు. ఆయన చెప్పిన దది కాదు. మానవునకును కోతికిని అతిప్రాచీనకాలమున పూర్వు లొక్కరేయని ఆయన సిద్ధాంతము. ఆ చర్చ యటుండనిండు. ఆ మహాశయుడు ఎవరివద్ద నేర్చుకొనెను, ఎట్లు నేర్చుకొనెను, చేతికందిన యే విద్యను జారవిడిచెను అను విషయమునే మే మిచ్చట వ్రాయదలచితిమి. యాత్రకు పోవువారికిని, పంపువారికిని గూడ ఇది తెలియదగిన చరిత్రము.

డార్విను 1809 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు డార్విను పేరుమోసిన వైద్యుడు, ధనవంతుడు. తల్లి, కుమారునకు ఎనిమిదేండ్ల ప్రాయముననే గతించెను. 1825లో, పదునారేండ్ల వయస్సున, వైద్యము నేర్చుటకై అతనిని ఎడింబరో విశ్వవిద్యాలయమునకు పంపిరి. మత్తుమందు లింకను వాడుకలోనికి రాని కాల మది. ఒక పసిబిడ్డకు చేయుచున్న శస్త్రచికిత్సను చూడలేక డార్విను గదినుండి పారిపోయెను. మరల ఆ గడప త్రొక్కలేదు. ఉపన్యాసములు విసుగు పుట్టించెను. రెండేండ్లకు చదువు మాని యింటికి వచ్చెను.

అయినను ఎడింబరోవాసము వ్యర్థము కాలేదు. అతడు కాపురమున్న వీధిలోనే జాన్ ఎడ్మన్‌స్టన్ అను నల్లజాతివాడు నివసించుచుండెను. ఇతడు దక్షిణ అమెరికాలోని గయానాలో బానిసగా నుండి, యజమానివెంట స్కాట్లండునకు వచ్చి స్వతంత్రుడైనవాడు. వాటర్టన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞునివద్ద పక్షిచర్మ మొలిచి, చెడిపోకుండ మందు పట్టించి, దూది కూరి, ప్రాణమున్నట్లు నిలుపు విద్యను నేర్చుకొని, విద్యార్థులకు రుసుము పుచ్చుకొని నేర్పుచుండెను. డార్విను ఇతనికి శిష్యుడయ్యెను. పాఠము ముగిసిన తరువాత గూడ తరచుగ అతనియొద్ద కూర్చుండి మాటలాడుచుండెడివాడు. ఆచార్యుల యుపన్యాసములు మరపునకు వచ్చినను, ఈ విద్య మాత్రము తరువాత నై దేండ్ల ఓడప్రయాణమున ప్రతిదినమును అక్కరకు వచ్చినది. ఇది లేనిచో అతడు తెచ్చిన పక్షులలో నొక్కటియు చెడకుండ ఇంగ్లండు చేరియుండదు. వృద్ధాప్యమున డార్విను తన జీవితచరిత్రము వ్రాసికొనుచు ఈ గురువును ప్రీతితో స్మరించెను. మిక్కిలి తెలివిగలవా డని మెచ్చుకొనెను. పేరు మాత్రము వ్రాయలేదు. ఆ నల్లవా డెవరో తరువాతివారు వెదకి తెలిసికొనవలసివచ్చినది.

వైద్యము పనికిరాకపోగా, తండ్రి కుమారుని మతాచార్యుని చేయదలచి 1828లో కేంబ్రిడ్జికి పంపెను. అచ్చటను డార్విను పాఠములకంటె పెంకుపురుగులను పట్టుటయందే యెక్కువ శ్రద్ధ చూపెను. ఒకనాడు చెట్టు బెరడు నొలువగా రెండు అరుదైన పురుగులు కనబడెను. రెండుచేతులతో రెండింటిని పట్టెను. అంతలో మూడవది కనబడగా, కుడిచేతిలోని దానిని నోట వేసికొని దానికై చేయి చాచెను. నోటిలోని పురుగు మంటపుట్టించు ద్రవమును విడువగా, ఉమ్మివేయవలసివచ్చెను, మూడవదియు పోయినది. సంగ్రహణమున అతని కుండిన యాత్ర మిట్టిది. ఈ యుత్సాహమునకు త్రోవ చూపినవాడు వృక్షశాస్త్రాచార్యుడు హెన్‌స్లో. ఆయన శిష్యులను పొలములవెంట, చిత్తడినేలలవెంట త్రిప్పి మొక్కను మొలచినచోటనే చూపుచుండెను. డార్విను దినదినమును ఆయనతో నడచుటచే హెన్‌స్లోతో నడచువాడని కళాశాలలో పేరు వచ్చినది. 1831 జనవరిలో పట్టపరీక్ష నిచ్చి, సాధారణ శ్రేణిలో పదవవాడుగ కృతార్థుడయ్యెను.

ఆ దినములలో జర్మనుయాత్రికుడు హంబోల్టు వ్రాసిన యాత్రాగ్రంథమును చదివి డార్విను పరవశుడయ్యెను. ఆఫ్రికాతీరమునకు చేరువనున్న టెనరీఫ్ దీవికి పోయి, అచ్చటి అగ్నిపర్వతమును, అడవులను స్వయముగ చూడవలెనని నిశ్చయించుకొనెను. మిత్రులను కూడగట్టెను, ఓడకూలి విచారించెను, స్పానిషుభాష నేర్చుకొన మొదలిడెను. హెన్‌స్లో సలహాచే ఆ వేసవిలో భూగర్భశాస్త్రాచార్యుడు సెడ్జివిక్ వెంట వేల్సుకొండలకు పోయి, రాతిపొరలను చదువుట అభ్యసించెను. నేటి విశ్వవిద్యాలయములు ప్రణాళిక వేసి, రుసుము వసూలుచేసి నడుపుచున్న ద్వీపయాత్రను ఇరువదిరెండేండ్ల యువకుడు తనంతట తానే సిద్ధపరచుకొనుచుండె నన్నమాట. వెంట రాదలచిన వారిలో నొకరు ఆ వేసవిలోనే మరణించుటచే ఆ యత్నము కుంటువడినది.

1831 ఆగస్టు 29వ తేదీన ఇల్లు చేరునప్పటికి హెన్‌స్లో ఉత్తర మొకటి వేచియుండెను. బీగిల్ అను ప్రభుత్వనౌక ప్రపంచము చుట్టివచ్చుటకు సిద్ధమగుచున్నదనియు, కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌కి తోడుగ ప్రకృతిశాస్త్ర మెరిగిన యువకు డొకడు కావలెననియు దాని సారాంశము. తండ్రి సమ్మతింపలేదు. మతాచార్యుడు కావలసినవాని కిది తగనిదనియు, వృత్తులు మార్చుటకు హద్దుండవలె ననియు ఆయన తలంపు. అయితే బుద్ధిమంతు డొక్కడు పొమ్మని చెప్పినయెడల తా నడ్డురానని మాట యిచ్చెను. మేనమామ జోసయా వెడ్జివుడ్ ఆక్షేపణల నొక్కొక్కటిగ ఖండించెను. తండ్రి మాట నిలుపుకొనెను. ఇరువదియారేండ్ల ఫిట్జ్‌రాయ్ ముఖలక్షణములు చూచి గుణము చెప్పగలనని నమ్మువాడు. డార్విను ముక్కును చూచి ఇట్టి ముక్కుగలవానికి దీర్ఘయాత్ర చేయగల పట్టుదల యుండదని సందేహించి, ఎట్టకేలకు ఒప్పుకొనెను.

పాఠకు లొక్కమాట గమనింపవలెను. బీగిల్ నౌక విజ్ఞానమునకై బయలుదేరినది కాదు. స్పెయిను చేతినుండి విడివడిన దక్షిణ అమెరికా దేశములతో వర్తకము పెంచుకొనుటకును, తన నౌకాబలమునకును ఆ తీరముల పటములు బ్రిటిషు ప్రభుత్వమునకు కావలసెను. సముద్రపులోతులు కొలుచుటయే ఓడపని. డార్వినునకు జీతము లేదు; తండ్రి ధనమే ఖర్చుల కాధారము. ఇట్టి సదుపాయము ఎందరు యువకులకు దొరకును? ఆయన తరువాత పదునాలుగేండ్ల వయస్సుననే బడి మానవలసివచ్చిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అను నిరుపేద, సీతాకోకచిలుకలను, పక్షులను అమ్ముకొని బ్రదుకుచు, మలయాద్వీపములలో ఎనిమిదేండ్లు తిరిగి, అదే సిద్ధాంతమును కనుగొనెను. ఆ సంగతి ముందు చెప్పెదము.

1831 డిసెంబరు 27వ తేదీన ఓడ ప్లిమత్‌నుండి కదలినది. సముద్రపువాంతులు డార్వినును యాత్ర ముగియువరకు విడువలేదు. జనవరి మొదటివారమున టెనరీఫ్ శిఖరము కనబడినది. చిరకాలవాంఛితము కన్నులయెదుట నిలిచినది! కాని ఇంగ్లండులో కలరా యున్నందున పండ్రెండుదినములు ఓడలోనే వేచియుండినగాని దిగరాదని అచ్చటి యధికారులు శాసించిరి. ఫిట్జ్‌రాయ్ వేచియుండక తెరచాప లెత్తించెను. హంబోల్టు వర్ణించిన దీవిని మన విద్యార్థి ఓడమీదనుండియే చూచి, దాటిపోయెను. తరువాత చేరిన కేపువర్డు దీవులలో, సముద్రమునకు పైగా సుమారు 45 అడుగుల యెత్తున కొండచరియలో గవ్వలతో నిండిన తెల్లని చార కనబడెను. ఫిట్జ్‌రాయ్ బహూకరించిన లయల్ భూగర్భశాస్త్రగ్రంథ మప్పుడు చేతనుండెను. భూమి మెల్లమెల్లగ పైకి లేచు నన్న మాటకు కంటి యెదుటనే సాక్ష్యము దొరకినది.

బ్రెజిలులో జరిగిన వివాద మొకటి తెలుపదగియున్నది. ఫిట్జ్‌రాయ్ బానిసత్వమును సమర్థించుచు, ఒక యజమాని తన బానిసలను పిలిచి స్వాతంత్ర్యము కావలెనా యని యడుగగా వారందరు వల దనిరని చెప్పెను. యజమానియెదుట బానిస చెప్పు మాటకు విలువ యేమని డార్విను ప్రశ్నించెను. కెప్టెన్ మండిపడి ఇక నొకచోట భోజనము చేయుట పొసగదనెను. కొన్నిగంటలకు మనసు మార్చుకొని క్షమాపణ తెలిపెను. కొట్టువాని యింట కూర్చుండి కొట్టబడువాని సంతోషమునకు సాక్ష్యము పలుకువారు ఆ కాలమునను పెక్కుమంది కలరు. ఎడింబరోలో నల్లనిగురువుయొద్ద కూర్చున్నవాడు ఆ సాక్ష్యమును నమ్మకపోవుటలో వింత లేదు.

దక్షిణ అమెరికాలో గడచిన మూడున్నర యేండ్లను గూర్చి విస్తరింపము. నశించిపోయిన మహామృగముల యెముకలను త్రవ్వితీసెను. 1835 ఫిబ్రవరి 20వ తేదీన చిలీదేశమున భూకంపముచే తీరము కొన్నియడుగులు పైకి లేచుట నెరిగెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన బీగిల్ గలపాగస్ దీవులు చేరినది.

ఈ దీవులు భూమధ్యరేఖపై దక్షిణ అమెరికాకు సుమారు 600 మైళ్ల పడమట, అగ్నిపర్వతములు సముద్రమునుండి వెళ్లగ్రక్కిన రాతితో నేర్పడినవి. 1832లోనే ఈక్వడారు దేశము వీనిని తనవిగా ప్రకటించుకొనెను. డార్వినునకు మొదట నివి యేమియు రుచింపలేదు. నల్లని రాయి, కాలునిలువని వేడి, ఆకులేనట్లు కనబడు పొదలు. కాని జంతువుల తీరు అద్భుతముగ నుండెను. మనుష్యుని చూచి బెదరు నెరుగని పక్షులవి. కొమ్మపై కూర్చున్న డేగను తుపాకి కొనతో నెట్టవలసివచ్చెను. నల్లని ఇగ్వానాలు, మన ఉడుములవంటివి, సముద్రములో మునిగి నాచు మేయుచుండెను. డార్విను ఒకదానిని పట్టి పలుమారులు నీట విసరెను. అది ప్రతిమారును తిరిగి ఆయన నిలిచినచోటికే వచ్చెను. ఒడ్డున దానికి శత్రువు లెన్నడు నుండలేదు గనుక ఒడ్డే క్షేమమని దాని తలంపు కాబోలునని ఆయన యూహించెను. పెనుతాబేళ్ల వీపుల నెక్కి స్వారిచేయ జూచెను. వాని నడక కొలిచి గంటకు 360 గజములని లెక్కవేసెను.

ఈ తాబేళ్ల విషయముననే చేతికందిన విద్య జారిపోయినది. చార్లెస్ దీవిలో, నేడు ఫ్లోరియానా యని పిలువబడుచున్నదానిలో, ఈక్వడారునుండి వెడలగొట్టబడిన రెండుమూడు వందలమంది నివసించుచుండిరి. వారిపై నధికారియైన లాసన్ మాటలసందర్భమున, ఒక్కొక్కదీవి తాబేలు ఒక్కొక్కరీతిగ నుండుననియు, ఏ తాబేటిని తెచ్చినను అది యే దీవిదో తాను చెప్పగలననియు తెలిపెను. అచ్చటివారికిది వింత కాదు. ఆవు నడకను చూచి యే ఊరిమందదో మన కాపులు చెప్పుటవంటిదే. డార్విను వినెను గాని మనసున నాటించుకొనలేదు. కంటి కానునంత దూరములో, ఒకేవిధమైన రాతితో, ఒకే యెండవానలతో నున్న దీవులలో వేరువేరు జాతులుండునని ఆయన కలనైన తలపలేదు. అప్పటికే రెండుదీవుల సంగ్రహములను కలిపివేసెను. ఫించి యను చిన్నపిట్టలను కొట్టి, చర్మము లొలిచి, సంచులలో నిడెను. ఏ పిట్ట యే దీవిదో చీటి కట్టలేదు. ఓడవారు ఆహారమునకై చాతం దీవినుండి ముప్పది తాబేళ్ల నెక్కించుకొనిరి. దారిలో వానిని తిని చిప్పలను సముద్రమున పారవేసిరి. లాసన్ మాటను పరీక్షించుటకు పనికివచ్చు సాక్ష్యమంతయు ఆ విధముగ నీటిపాలయ్యెను.

రెండు మాత్రము దక్కినవి. ఇతర పక్షుల కూతల ననుకరించు మాకింగుపిట్టలు దీవిదీవికిని భేదముగ నుండుట గమనించి, వానికి చీటులు సరిగ కట్టెను. పూలు పూయుచున్న మొక్కలను దీవివారీగ వేరుపరచి యుంచెను. హెన్‌స్లో శిష్యుడు మొక్కల విషయమున ఏమరియుండుట కలదా! అయిదువారములుండి, నాలుగుదీవులలో దిగి, అక్టోబరు 20వ తేదీన ఓడ పడమరకు సాగెను.

1836 ఏప్రిలులో హిందూమహాసముద్రమునందలి కీలింగు పగడపుదీవులను చేరిరి. సముద్రమధ్యమున వలయాకారముగ పగడపుదీవు లెట్లేర్పడునో డార్విను ముందే యూహించియుండెను: అగ్నిపర్వతము మెల్లగ నీట క్రుంగుచుండగా దాని చుట్టునున్న పగడము పైపైకి పెరుగుచుండును, తుదకు కొండ మునిగి వలయము మిగులును. మన లక్షద్వీపము లిట్టివే. నూరేండ్లకు పైగా గడచి, 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో 4,000 అడుగులకు మించి రంధ్రము త్రవ్వగా పగడమునకు క్రింద అగ్నిపర్వతపురాయి తగిలినది. ఆయన యూహ నిజమని తేలెను.

ఓడ ఇంగ్లండునకు మరలుచున్న దినములలో పక్షులపై తన టిప్పణములను సరిజూచుకొనుచుండగా లాసన్ మాట డార్వినునకు మరల జ్ఞప్తికి వచ్చినది. దీవిదీవికిని జాతి మారుచున్న మాట నిజమైనచో, జీవజాతులు స్థిరములన్న నమ్మకమునకు పునాది కదలునని అనుమానము జనించెను. 1836 అక్టోబరు 2వ తేదీన ఫాల్మత్‌లో దిగెను. 1837 జనవరిలో పక్షులను జంతుశాస్త్రసంఘమునకు అప్పగించెను. పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గూల్డు కొలదిదినములలోనే ఒక చిత్రమును కనిపెట్టెను. వేరువేరు కుటుంబములకు చెందినవని డార్విను తలచిన పిట్టలలో పెక్కు ఒకే కుటుంబములోని భిన్నజాతుల ఫించులు! మాకింగుపిట్టలును మూడు వేరుజాతులని తేలినది. ఏ పిట్ట యే దీవిదని గూల్డు అడిగెను. డార్వినునకు సమాధానము లేదు. అప్పుడు ఫిట్జ్‌రాయ్‌నకును, తన సేవకుడు కవింగ్టన్‌నకును, తక్కిన ఓడవారికిని ఉత్తరములు వ్రాసి, వారు పట్టియుంచిన పిట్టల చీటుల నడిగి తెచ్చుకొనెను. పట్టభద్రుడు కట్టని చీటిని సేవకుడు కట్టియుండుట పాఠకులు గమనింపవలెను. మొక్కల చీటులు తరువాత ఫలించినవి. వృక్షశాస్త్రజ్ఞుడు హూకర్ పరిశీలింపగా, జేమ్సుదీవిలో దొరకిన 71 జాతులలో 38 గలపాగస్‌లో తప్ప మరెచ్చటను లేనివనియు, ఆ 38లో 30 ఆ యొక్కదీవిలోనే కలవనియు తేలెను.

ఫించుల ముక్కులను చూచినంతనే దీవులలోనే డార్వినునకు సిద్ధాంతము స్ఫురించెనని వ్యాపించిన కథ సత్యము కాదు. 1859 నవంబరు 24వ తేదీన వెలువడిన ఆయన మహాగ్రంథమున ఫించిముక్కుల కథ కానరాదు. 1837 జూలైలో జాతుల మార్పునుగూర్చి టిప్పణపుస్తకము ప్రారంభించెను. 1838లో మాల్థస్ గ్రంథము చదివినప్పుడు, బ్రదుకుటకై జరుగు పెనగులాటలో అనుకూలమైన భేదముగలవి నిలిచి తక్కినవి నశించునన్న సూత్రము తోచెను. 1839లో మేనమామ కూతురు ఎమ్మాను వివాహమాడి, 1842లో డౌన్ గ్రామమున స్థిరపడెను. ఆ తరువాత ఆ దేశము విడిచి యెచ్చటికిని పోలేదు.

దీవులే ఆయన యింటికి వచ్చినవనవచ్చును. సముద్రమధ్యమునకు విత్తన మెట్లు చేరునో తెలిసికొనుటకు ఉప్పునీటి పాత్రలలో గింజలను నానబెట్టెను: 87 రకములలో 64 రకములు 28 దినములు నానియు మొలకెత్తినవి. చెరువుగట్టునుండి మూడు చెంచాల బురద తెచ్చి ఆరునెలలు కప్పియుంచి మొలచినదానినెల్ల పెరికి లెక్కింపగా 537 మొక్కలు వచ్చెను. ఆ బురద యంతయు ఒక గిన్నెలో పట్టును. నీటిపక్షికాలికి అంటిన మట్టి యెంత పయిరును మోసికొనిపోగలదో చూడుడు! సముద్రమధ్యదీవులలో కప్పలెందుకు లేవు, గబ్బిలములెందుకు కలవు? కప్పగ్రుడ్లు ఉప్పునీట చచ్చును. గబ్బిలము ఎగిరి పోగలదు. ప్రతిదీవిలోను అన్నిజంతువులును విడివిడిగ సృజింపబడినవనువారు ఈ ప్రశ్నకు బదులు చెప్పలేకపోయిరి. మన భూస్వాములకు ప్రియమగు విషయ మింకొకటి: 1881లో ప్రచురించిన కడపటి గ్రంథమున, వానపాములు ఎకరమునకు ఏటేట పదిటన్నులకు మించిన మట్టిని పైకి తెచ్చి నేలను దున్నుచుండునని లెక్క చూపెను.

సిద్ధాంతమును ప్రచురింపక ఇరువదియేండ్లు దాచెను. 1858 జూన్‌లో వాలెస్ మలయాద్వీపములనుండి పంపిన వ్యాసము చేతికందినది. అందు తన సిద్ధాంతమే యుండెను. డార్విను కలవరపడెను. అదే నెలలో ఆయన పసిబిడ్డ జ్వరముచే మరణించెను. మిత్రులు ఇరువురి వ్రాతలను జూలై 1వ తేదీన లిన్నేయన్ సంఘమున కలిపి చదివించిరి. అనుమతి యడుగుటకు వాలెస్ చేరువలో లేడు. అయినను తరువాత ఆయన యెన్నడును కినుక వహింపలేదు. 1882 ఏప్రిల్ 19వ తేదీన డార్విను పరమపదించగా వెస్ట్‌మిన్‌స్టర్ దేవాలయమున సమాధిచేసిరి. శవవాహకులలో వాలెస్ ఒకడు.

గలపాగస్‌లో 1973 మొదలు పీటర్ గ్రాంటు, రోజ్‌మెరీ గ్రాంటు దంపతులు డాఫ్నీ యను చిన్నదీవిలో ఏటేట ఉండి, ప్రతి ఫించికాలికిని గుర్తుకడియము తొడిగి, ముక్కు కొలిచి లెక్క వ్రాసిరి. 1977 క్షామమున చిన్నగింజలు తరిగిపోగా పెద్దముక్కుపిట్టలే యెక్కువగ బ్రదికినవి. వాని సంతతియు పెద్దముక్కుతోనే పుట్టినది. డార్విను యుగములలో జరుగు నన్న మార్పు కన్నులయెదుట కొలతకు చిక్కినది. దీవుల భూమిలో నూటికి 97 పాళ్లు 1959లో ఏర్పడిన జాతీయోద్యానవనములో చేరియున్నది; నేడు విద్యార్థియైనను మార్గదర్శి లేక అందడుగిడరాదు.

లాసన్ అధికారిగానున్న ఫ్లోరియానా దీవి తాబేటిజాతి మాత్రము, డార్విను వచ్చిపోయిన సుమారు పదునైదేండ్లలోనే నశించెను. తిమింగిలములను వేటాడు ఓడలవారు తినివేసిరి. ఎలుకలు, పందులు గ్రుడ్లను మిగులనీయలేదు. వేరొక దీవియగు ఇజబెలాలోని ఉల్ఫ్ అగ్నిపర్వతముపై ఆ జాతి రక్తము కొంత కలిసిన సంకరపుతాబేళ్లు ఇటీవల దొరకినవి. ఓడలవారు బరువు తగ్గించుకొనుటకై విడిచిపెట్టినవాని సంతతి యివియని శాస్త్రజ్ఞుల తలంపు. 2017 మొదలు వానిని ఏరి, రక్తపరీక్షచేసి, సంతానము పొందించుచున్నారు. పుట్టిన ప్రతిపిల్లకును సంఖ్య వేయుచున్నారు.